శీలం ఎవరి సొత్తు?

‘శీలం’ అనే మాటను మనం విమర్శలో రెండు చోట్ల వాడుతుంటాం. ఒకటి మనిషి శీలం, రెండోది పాత్ర శీలం. రెండింటికీ ఒకే మాట ఉండడంలో అర్థం ఉంది. ఒక మనిషిని కాగితం మీద నిలబెట్టే రచయిత, ఈ మనిషి ఇట్లా ఎందుకు ప్రవర్తిస్తున్నాడు అనే ప్రశ్నకు తనలో తానైనా జవాబు చెప్పుకోక తప్పదు. అతని పుట్టుకే అంత అని సరిపెట్టుకోవచ్చు. లేదా అతను బతికిన బతుకు, చేసిన పనులు, పడిన అలవాట్లు అతన్ని ఇట్లా తయారుచేశాయని వివరించుకోవచ్చు. ఏ జవాబు ఎంచుకుంటాడన్నదే అతని దృక్పథాన్ని పట్టిస్తుంది. ఈ రెండు జవాబుల తగాదాకు ఇరవై నాలుగు శతాబ్దాల పైబడిన చరిత్ర ఉంది. పరువు, శీలం, స్వభావం అనే మూడు మాటలు ఆ చరిత్రలో ఎవరి అవసరం కోసం ఎట్లా అర్థం మార్చుకున్నాయో పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

పాశ్చాత్య నీతిశాస్త్రంలో చాలాకాలం రెండు ధోరణులు ఎదురెదురుగా నిలిచాయి. కర్తవ్యాన్ని కర్తవ్యంగా పాటించడమే నీతి అన్నది కాంట్ మార్గం. ఎక్కువమందికి ఎక్కువ సుఖం కలిగించే పనే మంచిపని అన్నది బెంథామ్, మిల్‌ల మార్గం. 1958లో ఎలిజబెత్ ఆన్‌స్కోంబ్ అనే బ్రిటిష్ తత్వవేత్త ఒక వ్యాసంలో ఈ రెండు మార్గాలనూ గట్టిగా ప్రశ్నించింది. 1981లో అలస్డేర్ మెకింటైర్ ‘ఆఫ్టర్ వర్చ్యూ’ అనే గ్రంథంలో ఆ చర్చను విస్తరించాడు. ఏ నియమం పాటించాలి అని అడిగే ముందు ఎట్లాంటి మనిషి కావాలి అని అడగాలన్నది ఈ ధోరణి సారాంశం. దీన్నే సద్గుణవాదం అంటున్నారు. మార్క్సిజం మీద పుస్తకంతో 1953లో రచన మొదలుపెట్టి, చివరకు కాథలిక్ విశ్వాసంలో స్థిరపడి, 2025లో మరణించిన మెకింటైర్ ప్రయాణం మనవాళ్లలో కొందరికి ఈ వాదాన్ని మొత్తంగా తోసిపుచ్చడానికి చాలినంత కారణంగా కనిపించవచ్చు. నీతికి వర్గస్వభావం ఉంటుంది, ఇక గుణాల గురించి మాట్లాడేదేముంది అనవచ్చు. కాని ఒక ఆలోచనను తోసిపుచ్చే ముందు అందులో శ్రమజీవికి చెందినదేదో, పాలకవర్గం కలిపినదేదో విడదీసి చూడడం మన పద్ధతి కావాలి. అందుకు మూలాల దాకా వెళ్లాలి.

ఆ మూలాల్లో మొదట కనిపించేది పరువు. హోమర్ ‘ఇలియడ్’ కథ పరువు తగాదాతోనే మొదలవుతుంది. యుద్ధంలో చెరబట్టిన ఒక స్త్రీని అకిలీస్ వాటాగా ఇచ్చి, తరువాత రాజు అగమెమ్నాన్ లాక్కుంటాడు. ఆమె మనసేమిటని అక్కడ అడిగేవారు లేరు. ఆమె ఒక వీరుడి గౌరవానికి కొలత, అంతే. ఆ కాలపు వీరుడి పరువు అతని గుండెలో ఉండేది కాదు. పంపకంలో వచ్చిన పశువుల్లో, పాత్రల్లో, బానిస స్త్రీలలో ఉండేది. అదే కావ్యం రెండో సర్గలో థెర్సైటిస్ అనే సామాన్య సైనికుడు లేచి, ఈ రాజు దోపిడిలో పెద్ద వాటాలు దిగమింగుతున్నాడు, మనం ఇళ్లకు పోదాం అంటాడు. అకిలీస్ అన్నదీ ఇంచుమించు అదే. అకిలీస్ అంటే అది వీరుడి ఆగ్రహమైంది. థెర్సైటిస్ అంటే ఒడిస్సియస్ రాజదండంతో వీపు వాయగొట్టాడు, సైన్యమంతా నవ్వింది. అంతకుముందే కవి ఆ మనిషిని కుంటివాడిగా, గూనివాడిగా, ట్రాయ్‌కి వచ్చిన వాళ్లందరిలో కురూపిగా వర్ణించి పెట్టాడు. మాట ఒకటే అయినా నోరు వేరైతే విలువ మారుతుందని, ఎదిరించిన వాడికి ముందుగానే వికృతరూపం తగిలించి పెట్టడం సాహిత్యంలో ఎంత పాత అలవాటో అని ఈ ఘట్టం చదివినప్పుడల్లా నాకు అనిపిస్తుంది.

ఈ వీరయుగపు పరువు భావనను తత్వశాస్త్రం స్థాయిలో విచారించిన వాళ్లలో అరిస్టాటిల్ (క్రీ.పూ. 384-322) ముఖ్యుడు. గౌరవమే జీవిత పరమార్థం అనే వాదాన్ని అతను ‘నైకొమేకియన్ ఎథిక్స్’ మొదటి భాగంలోనే తేల్చేశాడు. గౌరవం పొందేవాడి చేతిలో కన్నా ఇచ్చేవాళ్ల చేతిలో ఎక్కువగా ఉంటుంది కనుక, ఇతరులు తీసేయగలిగినది మనిషికి పరమార్థం కాజాలదన్నాడు. ఇది చిన్న మాట కాదు. మంచిదనాన్ని ఊరి నోటి మీదనుంచి తీసుకువచ్చి మనిషి ఆచరణలో పెట్టడం ఇది.

రెండో భాగంలో అతను ఇంకా ముందుకు పోయాడు. శీలగుణాలు ప్రకృతి ఇచ్చినవి కావు, ప్రకృతికి విరుద్ధమూ కావు. వాటిని అలవరచుకునే శక్తి మనకు సహజంగా ఉంటుంది, అభ్యాసం దాన్ని పూర్తిచేస్తుంది. అందుకు అతనిచ్చిన ఉదాహరణ ఒక రాయి. రాయిని పదివేలసార్లు పైకి విసిరినా పైకి పోవడం దానికి అలవాటు కాదు. ఏది స్వభావమో అది అలవాటుతో మారదు. శీలం అలవాటుతో ఏర్పడుతుంది, అలవాటుతో చెడుతుంది కూడా. కనుక అది స్వభావం కాదు. మరి ఎట్లా వస్తుంది? ఇళ్లు కడుతూ కడుతూ మనిషి ఇల్లు కట్టేవాడవుతాడు. వీణ వంటి వాద్యం వాయిస్తూ వాయిస్తూ వాద్యకారుడవుతాడు. అట్లాగే న్యాయమైన పనులు చేస్తూ చేస్తూ న్యాయశీలి అవుతాడు.

ఈ ఉదాహరణలు ఎవరి జీవితంలోంచి వచ్చాయో గమనించండి. తాపీమేస్త్రీ, వాద్యకారుడు చేతిపని మనుషులు. గుణం ఎట్లా అబ్బుతుందో తెలుసుకోవడానికి తత్వవేత్త పనిమంతుడి దగ్గరికి పోవలసి వచ్చింది. పనిలో నేర్పు, ఓర్పు, సరిగా చేయకపోతే సిగ్గు, గురువు సరిదిద్దితే దిద్దుకోవడం అక్కడ అతను చూశాడు. మెకింటైర్ కూడా గుణాలు ‘ఆచరణల్లో’ పుడతాయని చెబుతూ వ్యవసాయాన్నీ వాస్తుశిల్పాన్నీ ఆచరణల్లో లెక్కపెట్టాడు. సద్గుణవాదంలో మనది అనదగిన భాగం ఇదే. దాని పునాది రాయి శ్రమ.

అయితే అదే అరిస్టాటిల్ ‘పాలిటిక్స్’లో ఏమన్నాడు? చేతిపనివాడి బతుకు బతికేవాడికి సద్గుణ సాధన సాధ్యం కాదన్నాడు. ఉత్తమ రాజ్యంలో చేతిపనివాళ్లకూ, సేద్యం చేసేవాళ్లకూ పౌరసత్వం ఉండకూడదన్నాడు. కారణం, గుణానికి తీరిక కావాలి. ఆ తీరిక ఎవరి శ్రమలోంచి వస్తుందో అతనికి తెలుసు. అందుకే కొందరు స్వభావం చేతనే బానిసలని ఒక సిద్ధాంతం కట్టాడు. బానిసకు ఆలోచించి నిర్ణయించే శక్తి లేదన్నాడు. స్త్రీకి ఉంది గాని దానికి అధికారం లేదన్నాడు. పనివాడి దగ్గర సద్గుణ సూత్రాన్ని నేర్చుకుని, ఆ సూత్రం ఫలాన్ని పనివాడికి నిరాకరించాడు.

ఈ సిద్ధాంతం నిలవదని అతని రాతల్లోనే సాక్ష్యం ఉంది. స్వతంత్రుడికీ బానిసకూ వేరు వేరు దేహాలివ్వాలని ప్రకృతి ఉద్దేశమట. కాని తరచు దానికి విరుద్ధంగా జరుగుతుందని తానే ఒప్పుకున్నాడు. బానిసలకు స్వేచ్ఛను బహుమానంగా చూపించడం మంచిదని మరోచోట అన్నాడు. స్వభావసిద్ధంగా బానిస అయినవాడికి స్వేచ్ఛ బహుమానం ఎట్లా అవుతుంది? డయోజినిస్ లేయర్షియస్ భద్రపరచిన అతని వీలునామా ప్రకారం, తనకు సేవచేసిన పిల్లలను అమ్మవద్దని, వయసు వచ్చాక అర్హతను బట్టి విడుదల చేయాలని కోరాడు. పైకి విసిరిన రాయి పైకి పోవడం నేర్చుకోదన్న మనిషి, తన ఇంటి బానిసలు స్వతంత్రులు కాగలరని మరణపత్రంలో ఒప్పుకున్నట్టే. వ్యక్తిగా మెత్తబడ్డాడు గాని సిద్ధాంతం మాత్రం లోకానికి మిగిలిపోయింది.

మిగిలిపోయిన సిద్ధాంతం ఎంత దూరం పాకిందో చూడాలంటే స్పెయిన్‌కు రావాలి. అమెరికా ఖండాల ఆదివాసులను యుద్ధంతో లొంగదీయడం న్యాయమేనా అని 1550-51లో వయ్యదొలీద్ నగరంలో చక్రవర్తి అయిదో చార్లెస్ పండితుల సభ పెట్టించాడు. లొంగదీయడం న్యాయమేనన్న సెపూల్వెదా ‘పాలిటిక్స్’ను లాటిన్‌లోకి అనువదించిన విద్వాంసుడు. ఆదివాసులు స్వభావసిద్ధమైన బానిసలన్న వాదాన్ని అతను అరిస్టాటిల్ అండతోనే నిలబెట్టాడు. ఎదుటి పక్షాన నిలబడిన లాస్ కాసాస్ అనే మతాచార్యుడు ఆదివాసుల ఆచారాలు, కళలు, పాలన వివరించి వాళ్ల వివేకాన్ని నిరూపించబోయాడు. సభ స్పష్టమైన తీర్పు చెప్పకుండానే ముగిసింది. గనుల్లో చాకిరీ ఆగలేదు. పద్దెనిమిది వందల ఏళ్ల పైబడిన పుస్తకానికి వెండిగనులు కొత్త పని కల్పించాయి.

ఈ వాదానికి సమాధానం మన గడ్డ మీద ఎప్పుడో వచ్చింది. బౌద్ధ వాఙ్మయంలోని ‘సుత్తనిపాతం’లో వాసెట్ఠ సుత్తం ఉంది. బ్రాహ్మణుడు పుట్టుకతో అవుతాడా, నడవడితో అవుతాడా అని ఇద్దరు బ్రాహ్మణ యువకులు తగువుపడి బుద్ధుడి దగ్గరికి వస్తారు. గడ్డికీ చెట్లకూ పురుగులకూ పక్షులకూ జాతిని తెలిపే గుర్తులు పుట్టుకతో ఉంటాయి, మనుషుల్లో అటువంటివి లేవు అన్నది బుద్ధుడి సమాధాన సారం. పశువులను కాచి బతికేవాడు కృషీవలుడు, చేతిపనితో బతికేవాడు శిల్పి, దొంగతనంతో బతికేవాడు దొంగ. మనిషి చేసే పనే అతని పేరు. ‘శీలం’ అనే మాటకు బౌద్ధంలో అర్థం కూడా ఇదే. పంచశీలాలు స్త్రీపురుషులిద్దరూ రోజూ పాటించవలసిన నియమాలు. నాగార్జునకొండలోనూ అమరావతిలోనూ ఆ మాట వినబడిన నేల మనది. అదే మాట తరువాత తెలుగులో ఆడదాని దేహానికి మాత్రమే పరిమితమై, పోవడమో మిగలడమో తప్ప పెరగడం అనేది లేని వస్తువుగా ఎట్లా కుంచించుకుపోయిందో సాహిత్య విద్యార్థులు పరిశోధించదగిన విషయం.

దొంగతనం చేసేవాడు దొంగ అన్న బుద్ధుడి వాక్కుకు సరిగ్గా తిరగేసిన చట్టం 1871లో బ్రిటిష్ ప్రభుత్వం తెచ్చింది. అది నేరస్థ తెగల చట్టం. ఇక్కడ వృత్తులు కులాన్నిబట్టి వస్తాయి, వడ్రంగం వంశపారంపర్యమైనట్టే నేరమూ వంశపారంపర్యం అన్నది దాని వెనకనున్న తర్కం. కులవ్యవస్థ చెప్పిన అబద్ధాన్ని పాలకులు శాస్త్రంగా అచ్చువేశారు. ఒక తెగను నేరస్థ తెగగా ప్రకటిస్తే అందులో పుట్టినవాళ్లు పోలీసు రిజిస్టరులో పేరు రాయించుకోవాలి, పిలిచినప్పుడల్లా హాజరు చెప్పాలి, ఊరు దాటాలంటే అనుమతి చీటీ తీసుకోవాలి. 1911లో చట్టాన్ని సవరించి మద్రాసు రాష్ట్రానికి కూడా వర్తింపజేశారు. మన ప్రాంతంలో ఎరుకలవాళ్లు దానికి బలి అయ్యారు.

ఎవరీ ఎరుకలవాళ్లు? గాడిదల మీద, ఎద్దుల మీద ఉప్పూ ధాన్యమూ వేసుకుని తీరానికీ మెట్టకూ మధ్య తిరిగిన వ్యాపారులు. బుట్టలు, తట్టలు అల్లినవాళ్లు. ఎరుక చెప్పిన ఆడవాళ్లు. మన యక్షగానాల్లో ఎరుకలసాని రాని కథ అరుదు. శ్రీనివాస కల్యాణ కథలో సాక్షాత్తు వేంకటేశ్వరుడే ఎరుకలసాని వేషం వేసుకుని ఆకాశరాజు ఇంటికి పోతాడు. దేవుడు వేషం వేయడానికి పనికివచ్చిన బతుకు దొర రిజిస్టరులో నేరమైపోయింది. మధ్యలో జరిగిందేమిటి? ఉప్పు ప్రభుత్వ గుత్తాధిపత్యంలోకి పోయింది. రైళ్లు వచ్చి గాడిదల బారులను పనిలేనివి చేశాయి. అడవి చట్టాలు వెదురు మీద ఆంక్ష పెట్టాయి. ఇట్లా బతుకుతెరువు పోయిన మనుషులు తిరుగుతూ ఉంటే, ఆ తిరుగుడుకు కారణం వాళ్ల రక్తంలో వెతికారు. మీనా రాధాకృష్ణ 2001లో ప్రచురించిన పరిశోధన గ్రంథం ఈ క్రమాన్ని మద్రాసు రాష్ట్రపు ఆధారాలతో వివరించింది. చరిత్ర చేతిలో పరువు పోగొట్టుకున్నవాళ్లు అనే అర్థం వచ్చే పేరు ఆమె ఆ పుస్తకానికి పెట్టింది.

1913-14లో బాపట్ల దగ్గర సాల్వేషన్ ఆర్మీ ఆధ్వర్యంలో స్టువర్టుపురం సెటిల్‌మెంటు వెలిసింది. మద్రాసు ప్రభుత్వంలోని ఉన్నతాధికారి హెరాల్డ్ స్టువర్టు పేరే ఆ ఊరి పేరు. అక్కడ పని క్రమశిక్షణతో, ప్రార్థనలతో శీలం మారుస్తామన్నారు. ఇందులోని వైరుధ్యం చూడండి. నేరం రక్తంలో ఉంటే ఏ క్రమశిక్షణా దాన్ని మార్చలేదు. క్రమశిక్షణతో మారేదైతే అది రక్తంలో లేదు. రాయిని పైకి పోవడానికి ఎవరూ తర్ఫీదు ఇవ్వరు. పాలకులకు రెండు అబద్ధాలూ కావలసి వచ్చాయి. మొదటిది మనుషులను కట్టడి చేయడానికి, రెండోది కట్టడి చేసిన మనుషులతో చవకగా పని చేయించుకోవడానికి.

బడిపంతులుగా నేను పదో తరగతి దాటిన ప్రతి పిల్లవాడికీ కాండక్టు సర్టిఫికెట్ రాస్తుంటాను. ప్రవర్తన బాగుంది అని ఒక మాట. ఆ పిల్లవాడు కొన్నేళ్లు మా కళ్లముందు నడుచుకున్న తీరు మీద ఇచ్చే మాట అది. ఎంత మొక్కుబడిగా రాసినా అందులో ఒక సూత్రం ఉంది. చూసిన నడవడికే సాక్ష్యం. పుట్టిన రోజునే రాసి ఇచ్చిన కాండక్టు సర్టిఫికెట్ నేరస్థ తెగల చట్టం. దాన్ని 1952 ఆగస్టు 31న దేశవ్యాప్తంగా రద్దుచేశారు. కాని అలవాటు నేరస్థుల చట్టాల పేరిట దాని నీడ మిగిలింది. జైలు మాన్యువళ్లలో కులాన్నిబట్టి పని పంచే నియమాలు, విముక్త తెగలను నేరప్రవృత్తి కలవాళ్లుగా చూసే మాటలు ఉన్నాయని, అవి రాజ్యాంగ విరుద్ధమని 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పవలసి వచ్చింది.

చట్టం పోయినా ఊరిపేరు పోలేదు. 1970ల నుంచి లవణం, హేమలత దంపతులు ఆ ఊళ్లో సంస్కార కార్యక్రమాలు నడిపారు. హేమలతా లవణం గుర్రం జాషువా కుమార్తె. పుట్టుక పేరుతో అవమానం పడిన మహాకవి బిడ్డ, పుట్టుక పేరుతో నేరస్థులన్న ముద్రపడిన మనుషుల దగ్గరికి వెళ్లడం మన సాంస్కృతిక చరిత్రలో గుర్తుపెట్టుకోవలసిన సంఘటన. అదే ఊరి పేరుతో 1991లో ఒకటి కాదు, రెండు సినిమాలు వచ్చాయి. ఒకదాని పేరులోనే ‘దొంగలు’ ఉంది. 2023లో మరో సినిమా వచ్చినప్పుడు ఊరిని, ఎరుకల కులాన్ని కించపరుస్తున్నారన్న అభ్యంతరం హైకోర్టు దాకా వెళ్లింది. హోమర్ థెర్సైటిస్‌కు గూని తగిలించినట్టే మన వినోదం ఒక ఊరికి గూని తగిలించింది.

అయితే మన సాహిత్యంలో ఇంకో దారి కూడా ఉంది. 1892లో విజయనగరంలో ప్రదర్శించి, 1897లో అచ్చువేసి, 1909లో గురజాడ తిరగరాసిన ‘కన్యాశుల్కం’ చివరి అంకాన్ని ఈ వెలుగులో చదవండి. సౌజన్యారావు పంతులు నియమబద్ధుడు. వేశ్యను చేరనివ్వనని వ్రతం పట్టినవాడు. మధురవాణి అతని దగ్గరికి మారువేషంలో వచ్చి లుబ్ధావధాన్లును కాపాడే కీలకం చెబుతుంది. ప్రతిఫలంగా ముద్దు అడిగి, అతను తల ఒగ్గే క్షణంలో తానే ఆగిపోతుంది. చెడనివాళ్లను చెడగొట్టవద్దని తల్లి చెప్పిందంటుంది. తల్లి నేర్పిన వృత్తిధర్మం ఆమె శీలంగా నిలిచిన చోటు అది. సౌజన్యారావు నీతి నియమం మీద నిలబడింది. మధురవాణి నీతి బతుకులో సాధనచేసిన వివేకం మీద నిలబడింది. ఏ వృత్తిలో పుట్టిందన్నది చూసి తలుపు వేసుకున్న సంస్కర్త, ఏం చేసిందన్నది చూసి తల వంచవలసి వచ్చింది. ఇది గురజాడ సాధించిన విజయం.

కాళీపట్నం రామారావు ‘యజ్ఞం’ 1960ల్లో వచ్చింది. అందులో శ్రీరాములునాయుడు దుర్మార్గుడు కాడు. ఊరి బాగు కోరినవాడు, ధర్మం ఆలోచించేవాడు. అప్పల్రాముడు మాట తప్పని మనిషి. ఆ మంచితనాలన్నీ కలిసి ఒక అప్పును న్యాయం చేస్తాయి. ఆ న్యాయం కింద సీతారాముడు తన పసిబిడ్డనే చంపి తెచ్చి సభలో పడేస్తాడు. గుణాలు ఉన్నాయి, వాటిని వాడుకునే వ్యవస్థ ఇంకొకరిది. వ్యవస్థను వదిలి వ్యక్తి గుణాలను మాత్రమే మాట్లాడే సద్గుణవాదానికి ఇంతకన్నా గట్టి సమాధానం నాకు తెలియదు.

ఈ రెండు రచనలూ మన అభ్యుదయ రచనను కూడా ఒక ప్రశ్న అడుగుతాయి. మన కథల్లో కూలివాడు ఎంతసేపూ పుట్టుమంచివాడు, భూస్వామి పుట్టుచెడ్డవాడు అయితే, మనం తిరగేసింది వరుసను మాత్రమే. స్వభావవాదం అట్లాగే ఉండిపోయింది. కూలివాడి ఓర్పు, తెగువ, ఐక్యత అతను పనిలోనూ పోరాటంలోనూ నేర్చుకున్నవని చూపించనప్పుడు, అతని నుంచి అతని సాధనను మనమే లాక్కున్నవాళ్లమవుతాం. పరిస్థితులే మనిషిని చేస్తాయంటే వ్యక్తి బాధ్యత పోదా అనే ప్రశ్నకూ జవాబు ఇక్కడే ఉంది. పరిస్థితి తయారుచేసేది అవకాశాన్ని. దానిలో రోజూ చేసే ఎంపికలు అలవాటై శీలం అవుతాయి.

చివరగా పరువు మాట. 2018 మార్చిలో శక్తివాహిని కేసులో సుప్రీంకోర్టు ఇష్టపడి పెళ్లిచేసుకునే యువతీయువకుల హక్కును సమర్థించింది. అదే ఏడు సెప్టెంబరులో మిర్యాలగూడలో దళిత యువకుణ్ని, అతని భార్య గర్భవతిగా ఉండగా, పట్టపగలు చంపారు. పత్రికలు ‘పరువు హత్య’ అని రాశాయి. 2025 మార్చిలో నల్లగొండ కోర్టు శిక్షలు వేసినప్పుడూ ఆ మాటే అచ్చయింది. కూతురు తన మనసుతో నిర్ణయం తీసుకోవడం ఆమె శీలం. ఆ నిర్ణయాన్ని తన సొత్తుకు పడిన గండిగా లెక్కవేసిన వాళ్లది అగమెమ్నాన్ కాలపు లెక్క. అటువంటి హత్యకు పరువు అనే పేరు పెడితే హంతకుడు కోరిన గౌరవాన్ని మనమే ఇచ్చినట్టవుతుంది. గౌరవం ఇచ్చేవాళ్ల చేతిలో ఉంటుందని అరిస్టాటిల్ అన్నది నిజమే అయితే, మాటలు వాడే రచయితల చేతిలో అది మరీ ఎక్కువగా ఉంటుంది. దాన్ని కుల దురహంకార హత్య అని రాయడం మన పని.

శీలం పుట్టుకదీ కాదు, పేరుప్రతిష్ఠలదీ కాదు. చేసే పనిది. ఆ సంగతి తాపీమేస్త్రీకి తెలుసు, ఎరుకలసానికి తెలుసు, మధురవాణికి తెలుసు. దాన్ని వాళ్ల పేరున నమోదు చేయవలసిన బాధ్యత రాసే వాళ్లది. రాబోయే కథల్లో ఒక మనిషిని ప్రవేశపెట్టేటప్పుడు అతని కులమో, రంగో, ఊరిపేరో చెప్పి ఊరుకోకుండా అతను ఏ పని చేస్తూ ఏమి నేర్చుకున్నాడో చెప్పగలిగితే, ఈ చరిత్రలో మనమూ ఒక పక్షాన నిలబడినవాళ్లమవుతాం.